మగ సత్రం, ఆడ సత్రం

ఎలుకలను వదిలించుకునే మాట వాటి చెవిన పడేటట్లు అనకూడదని తెలుగు ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది. అంటే అవి విని, మనసులో పెట్టుకొని, ఇంట్లో అన్నిటికంటె ఖరీదైన బట్టను వెతికి మరీ కొరుకుతాయంటారు. అందువల్ల మందు తేవాలన్నా, బోను పెట్టాలన్నా పెద్దవాళ్ళు సైగలతో చెప్పుకుంటారు. ఈ నమ్మకాన్ని ఎవరైనా పద్ధతి ప్రకారం పరీక్షించారా అంటే, పరీక్షించిన దాఖలా లేదు. 1999 వేసవిలో మాత్రం కొండాపూర్‌లోని ఒక ఇంట్లో ఆ పరీక్ష జరిగింది.

ఆ ఇల్లు రామ్మోహనరావుది. ఆయన తణుకులో ముప్ఫయి ఏళ్ళు జంతుశాస్త్రం బోధించి, నిప్పుల మీద నడవడంలో మహిమ ఏమీ లేదని హేతువాద సభలలో స్వయంగా నడిచి చూపించి, పదవీ విరమణ తర్వాత ఎన్నడో చవకగా కొన్న స్థలంలో ఇల్లు కట్టుకొని కొండాపూర్ చేరాడు. చేరేటప్పటికి చుట్టూ బండరాళ్ళూ సీతాఫలం పొదలూ ఉండేవి. చూస్తుండగానే మాదాపూర్ వైపు అద్దాల మేడలు లేచాయి. బండరాళ్ళు కంకరగా మారి లారీలెక్కాయి. ఆయన మాత్రం పెరటి రేకుల షెడ్డులో ఎలుకలను పెంచుకుంటూ ఉండిపోయాడు.

కళాశాల ప్రయోగశాల నుంచి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకున్న ఒక జంట సంతానం అవి. కొన్ని పూర్తిగా తెలుపు. కొన్నిటికి తల నుంచి భుజాల దాకా నల్ల ముసుగు వేసినట్లు ఉండేది. ప్రతి శనివారం సాయంత్రం కొత్త అపార్ట్‌మెంట్ల పిల్లలూ, ఆ అపార్ట్‌మెంట్లు కడుతున్న మేస్త్రీల పిల్లలూ షెడ్డు ముందు కూర్చునేవారు. తల్లి రంగు ఏది, తండ్రి రంగు ఏది, పిల్లలలో ఎవరికి ఏది ఎందుకు వచ్చింది అనే సంగతి ఆయన ఎలుకలను చేతిలో పట్టుకొని వివరించేవాడు. ముప్ఫయి ఏళ్ళు పాఠం చెప్పిన మనిషికి మిగిలిన తరగతి అదొక్కటే. ఎలుకలు పోతే ఆ తరగతీ పోతుందని ఆయనకు తెలుసు.

ఆయన భార్య పుణ్యవతికి ఎలుకలంటే ద్వేషం లేదు. వాటి సంఖ్యతోనే పేచీ. షెడ్డు నిండి, వరండా నిండి, వంటింటి గుమ్మం దాకా పంజరాలు వచ్చిన రోజున ఆమె భర్తను వీధి గేటు దగ్గరకు పిలిచింది. ఎలుకల గురించి ఏ కఠినమైన మాటైనా ఆమె గేటు దగ్గరే అనేది, అదీ గొంతు తగ్గించి.

"ఏమండీ, ఇంకొక్క ఈత పుట్టిందంటే మాత్రం ఆ పెద్దమనుషులందర్నీ సాగనంపాల్సిందే."

"ఈ మాట ఇంట్లో చెప్పవచ్చు కదా."

"వింటాయి."

"మనకు వినబడని ధ్వనులు కూడా వాటికి వినబడతాయి, నిజమే. కానీ వాటికి తెలుగు రాదు."

"ముప్ఫయ్యేళ్ళు మీ పాఠాలు పక్కగదిలోంచి వింటే నాకు జంతుశాస్త్రం రాలేదా? వాటికీ అంతే, వినగా వినగా వస్తుంది. నా గద్వాల పట్టుచీర బీరువాలో ఉంది. నా జాగ్రత్త నాది."

ఆ విధంగా ఈ షరతు ఎదురింటివారికీ, కూరగాయల బండి ఈశ్వరమ్మకూ, ఇస్త్రీ బండి దగ్గర నిలబడినవారికీ తెలిసింది. ఎలుకలకు తెలియలేదు.

రామ్మోహనరావు మాట ఇచ్చాడు. ఆయన ఇచ్చిన మాట తప్పే మనిషి కాడు. ఎక్కువైన ఎలుకలను కళాశాలలకు పంపి, మిగిలిన వాటిని రెండు పెద్ద పంజరాలలోకి విడదీశాడు. ఒకదానికి మగ సత్రమనీ, రెండవదానికి ఆడ సత్రమనీ పుణ్యవతే పేరు పెట్టింది. ఆరేడు నెలలు గడిచినా షెడ్డులో ఒక్క పురుడు జరగలేదు. దంపతుల మధ్య శాంతి నెలకొంది.

మే నెలలో ఒక ఉదయం రామ్మోహనరావు కంటి ఆపరేషనుకు బయలుదేరాడు. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరి ఉన్నాయి. ఎండాకాలంలో కంటికి కత్తి తగిలితే మానదని పుణ్యవతి అన్నది. కంటికి కాలెండరు చూడడం తెలియదని ఆయన అన్నాడు. పథకం చాలా సరళమైనది: ఉదయం ఒక కంటికి ఆపరేషను, సాయంత్రానికి ఇల్లు, ఆ తర్వాత మూడు వారాలు వంగకుండా, బరువెత్తకుండా విశ్రాంతి. అంతవరకు ఎలుకల బాధ్యత మేడమీద అద్దెకున్న కిరణ్ పాల్, కెజియా దంపతులది.

కిరణ్ పాల్ మాదాపూర్ దారిలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామరు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తేదీ తెలియక తికమకపడతాయన్న భయంతో లోకం పంపిన పాత ప్రోగ్రాములను సరిదిద్దడం ఆ కంపెనీ పని. కెజియా నర్సు. వాళ్ళు తెనాలి నుంచి వచ్చి ఇల్లు వెతుక్కుంటున్నప్పుడు, పేర్లు వినగానే చాలా గేట్ల దగ్గర "ఇప్పుడే ఇచ్చేశామండీ" అన్న సమాధానం వచ్చింది. రామ్మోహనరావు ఒకే ఒక ప్రశ్న అడిగాడు: "మీకు ఎలుకలంటే భయమా?" లేదన్నారు. తాళంచెవి చేతికిచ్చాడు. ఆ సంగతి కిరణ్ పాల్ మరచిపోలేదు. తర్వాత జరిగినదానికంతటికీ అతడు మరచిపోకపోవడమే కారణం.

ఆపరేషను చక్కగా జరిగింది. కెజియా డ్యూటీకి వెళ్ళేముందు, వచ్చిన తర్వాత కిందికి దిగి ఆయన కంట్లో మందు చుక్కలు వేసేది.

"నీకు చాలా కృతజ్ఞుణ్ణమ్మా, చుక్కలు వేస్తున్నందుకు. ప్రార్థన కూడా చేస్తున్నావట, పుణ్యవతి చెప్పింది. దానికి మాత్రం..."

"రెండూ ఈ చేతుల్తోనే చేస్తున్నాను అంకుల్. ఒకదానికి థాంక్స్ చెప్పి ఇంకోదానికి మానేస్తే లెక్క కుదరదు. ఇక కన్ను మూయండి."

ఆయన మూశాడు. కృతజ్ఞత అనేది ఒక మనిషికి చేరాలనీ, దానికి స్పష్టమైన చిరునామా ఉండాలనీ ఆయన సిద్ధాంతం. ఆ వేసవిలో చిరునామాలు ఎక్కువవుతూ వచ్చాయి.

ఇంతలో ఎండలు ముదిరాయి. మధ్యాహ్నమంతా కరెంటు ఉండేది కాదు. షెడ్డు రేకులు పెనంలా కాలేవి. ఎలుకలు పంజరాల అడుగున చాప పరచినట్లు పడుకొని రొప్పసాగాయి. కిరణ్ పాల్ చూసి ఊరుకోలేకపోయాడు.

"మాస్టారూ, మా ఆఫీసులో కంప్యూటర్ గది ఉందండి. ఇరవైనాలుగ్గంటలూ ఏసీ. ఈ ఎండలు తగ్గేదాకా వీటిని అక్కడ పెడతాను."

"మీవాళ్ళు ఒప్పుకుంటారా?"

"నేను చూసుకుంటానండి. మీరు నాకు చేసినదానికి ఇది ఎంత?"

రెండు సత్రాలూ ఆటోలో మాదాపూర్ దారి పట్టాయి. ఆఫీసు వ్యవహారాలు చూసే లింగమూర్తి మెట్ల దగ్గరే అడ్డుపడ్డాడు. అతడు ఆ ప్రాంతపువాడే. వాళ్ళ నాయన జొన్న పండించిన చేనులోనే ఆ భవనం లేచింది.

"ఏంది కిరణ్ భాయ్, ఎలుకలా? రేపు వైర్లు కొరికితే అవి పోతయ్, నా నౌకరీ పోతది."

"పంజరం దాటవండి. మా ఇంటాయన ఎలుకలు, శనివారం పిల్లలకు పాఠం చెప్తారే, ఆ మాస్టారివి."

"గా సారువా? మా పోరి ఆయన దగ్గర్కే పోతది. ఇంట్ల ఎవ్వల్ని చూసినా నీది తాత ముక్కు, నీది అవ్వ చెవి అని మా పానం తీస్తది. మంచి సారు. పెట్టు, జర మూలకు పెట్టు."

ఆ గదిలో మే నెలలో కూడా మనుషులు స్వెట్టరు వేసుకొని పనిచేసేవారు. ఎలుకలు తేరుకున్నాయి. అంతవరకు అంతా సవ్యంగా ఉంది.

రెండు రోజుల తర్వాత కిరణ్ పాల్ పంజరాలు కడగబోయాడు. మగవాటిని ఒక మానిటర్ అట్టపెట్టెలోనూ, ఆడవాటిని మరొక మానిటర్ అట్టపెట్టెలోనూ ఉంచి, రెంటినీ పక్కపక్కన ఆనించి వెళ్ళాడు. ఎలుకల ముందు అట్ట ఎంతసేపు నిలుస్తుందో అతడు ఆలోచించలేదు. తిరిగి వచ్చేసరికి రెండు పెట్టెల మధ్య గుండ్రని ద్వారం ఏర్పడి, రాకపోకలు సాగుతున్నాయి. అతడు ఇంటికి ఫోను చేశాడు.

"మాస్టారూ, చిన్న పొరపాటండి. రెండు సత్రాలూ కలిసిపోయాయి."

"కంగారు పడకు నాయనా. ఒక్కొక్కదాన్నీ భుజాల దగ్గర పట్టుకొని ఎత్తి, తోక మొదట్లో చూడు. ఎదిగిన మగ ఎలుక విషయంలో సందేహానికి తావే ఉండదు. మా క్లాసులో వెనక బెంచీవాడికి కూడా కనబడేది."

"సరేనండి. మగవి ఎన్ని ఉండాలి?"

"అది నేను చెప్పను. చెబితే ఆ లెక్క కోసం చూస్తావు. నీ కంటికి కనబడింది నమ్ము, నేను చెప్పానని నమ్మకు. శాస్త్రమంటే అదే."

కిరణ్ పాల్ ఆ చలిగదిలో ఒక్కొక్కదాన్నీ ఎత్తి చూశాడు. సందేహానికి తావు లేకుండా కనబడవలసినది ఒక్కదానికీ కనబడలేదు. మళ్ళీ మొదటి నుంచి చూశాడు. అన్నీ ఆడవే.

అతడు ప్రోగ్రామరు, ఫలితం విచిత్రంగా ఉన్నప్పుడు కారణం వెతకడం అలవాటు. కారణం దొరికింది. ఈ ఎలుకలను ఆడా మగా అని విడదీసినది రెండు కళ్ళలోనూ శుక్లాలున్న పెద్దమనిషి. ఏ గుడ్డి వెలుతురులో ఏది చూసి ఏమనుకున్నాడో. పైగా ఆరేడు నెలలుగా ఒక్క ఈత లేదు. నిజంగా మగవి ఉంటే అంతకాలం అంత క్రమశిక్షణ సాధ్యమా? సాక్ష్యమంతా ఒకే వైపు చూపిస్తున్నది. అయితే ఆ మాట, కంటికి మందు వేయించుకుంటూ చీకట్లో కూర్చున్న మనిషికి, తనకు ఇల్లిచ్చిన మనిషికి, ఎలా చెప్పాలి? ముప్ఫయి ఏళ్ళ అధ్యాపకుడితో ఆడా మగా తేడా మీకు తెలియలేదని అనగలడా? కిరణ్ పాల్ అన్నిటినీ ఒకే సత్రంలో పెట్టి, మళ్ళీ ఫోను చేసి, "వేరు చేసేశానండీ" అని చెప్పాడు. జీవితంలో అతడు అంత దయతో ఎన్నడూ అబద్ధమాడలేదు.

మరి నాలుగైదు రోజులకు ఆఫీసు వీధిలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. జనరేటరు కంప్యూటర్లను మోసింది గాని ఏసీని మోయలేకపోయింది. సాయంత్రానికి గది ఉడికిపోయింది. ఎలుకలు ఎలా ఉన్నాయో చూద్దామని లోపలికి వెళ్ళిన లింగమూర్తి, చాలాసేపు పంజరం ముందు కూర్చొని, తర్వాత నెమ్మదిగా పిలిచాడు.

"కిరణ్ భాయ్, జర ఇటు రా. ఇవన్ని ఆడవే అన్నవ్ గద?"

"అవునండి. రెండుసార్లు చూశాను."

"మరి గిదేంది?"

కిరణ్ పాల్ వంగి చూశాడు. సగానికి సగం ఎలుకలకు తోక మొదట్లో, వెనక బెంచీకి కూడా కనబడేటంత స్పష్టంగా, ఉండవలసినవి ఉన్నాయి.

"వాపు అయ్యుంటుందండి," అన్నాడు అతడు.

"ఇన్నిటికి ఒక్కతీరు వాపా? రెండు దిక్కుల గింత సమానంగనా?"

ఆ రోజులలో కంప్యూటరు తెర నుంచి ఏవో కిరణాలు వస్తాయన్న భయం అందరికీ ఉండేది. జాగ్రత్తపరులు మానిటరు ముందు నల్లటి అద్దం తగిలించుకునేవారు. ఎలుకలున్న గదిలో మానిటర్లే కాదు, కంపెనీలోకెల్లా పెద్ద యంత్రాలున్నాయి. లింగమూర్తి మరునాడు భోజనాల వేళ ఎవరికీ ప్రత్యేకంగా కాకుండా ఒక ప్రశ్న వేశాడు.

"ఆడవి వారంల మగవైనయ్. మరి మగోళ్ళు ఏమైతరు?"

ఆ పూట నుంచి కంప్యూటర్ గదిలోకి వెళ్ళవలసిన పని హఠాత్తుగా ఎవరికీ లేకపోయింది. పెళ్ళి కుదిరిన ఆదర్శ్ అనే కుర్రవాడు జ్వరమని సెలవు పెట్టాడు. మిగిలిన మగవాళ్ళు, కంప్యూటర్లలోని సమాచారానికి నకలు తీసే టేపులు మార్చే పనిని ఒకరి మీద ఒకరు మర్యాదగా నెట్టుకోసాగారు. రసజ్ఞ అనే అమ్మాయి మాత్రం, "మారితే మారానులే, ప్రమోషనన్నా తొందరగా వస్తుంది," అని ఒక్కతే లోపలికి వెళ్ళి పని చేసుకుంది. యజమాని వాస్తు పండితుణ్ణి పిలిపించాడు. ఈశాన్యంలో జనరేటరు ఉన్నందువల్లనే లింగభేదం తారుమారైందని ఆయన నిర్ధారించి, గది తలుపు మూసి పడమటి గోడకు కొత్త తలుపు పెట్టమన్నాడు. విదేశానికి పంపవలసిన పని ఆగిపోయింది.

ఆ సాయంత్రం కిరణ్ పాల్ రామ్మోహనరావు కుర్చీ పక్కన నిలబడి జరిగినదంతా చెప్పాడు. అట్టపెట్టెలు, చలిగది, ఎలుకలన్నీ ఆడవే కావడం, తాను ఆడిన అబద్ధం, వాపు, కిరణాలు, వాస్తు. రామ్మోహనరావు నల్లకళ్ళద్దాలతో కదలకుండా విన్నాడు. తర్వాత, వైద్యుడు నవ్వవద్దని చెప్పలేదు కాబట్టి, కుర్చీ ఊగిపోయేటట్లు నవ్వాడు.

"చలి నాయనా, చలి. మగ ఎలుకకు చలి వేసినా, భయం వేసినా వృషణాలు పొట్టలోకి లాక్కుంటుంది. మళ్ళీ వెచ్చబడితే కిందికి దింపుతుంది. పుస్తకంలో ఉంది. నేను చదివాను, పరీక్షలో రాశాను కూడా. కానీ తణుకులో చలి ఎక్కడిదయ్యా? ముప్ఫయ్యేళ్ళలో ఒక్కసారీ కంటితో చూడలేదు. నువ్వు చూశావు."

"మీకు కోపంగా లేదాండీ?"

"నువ్వు నీ కన్ను నమ్మావు, నేను చెప్పినట్లే. దేన్ని చూడాలో సరిగ్గా చెప్పనివాణ్ణి నేను. ఇంత మంచి ప్రయోగం చేసిపెట్టినందుకు నీకే..." అని ఆయన ఆగిపోయాడు. నవ్వు కూడా ఆగిపోయింది. "అయితే ఇన్నాళ్ళూ అన్నీ కలిసే ఉన్నాయన్నమాట."

"అవునండి."

"ఎలుక ఈనడానికి మూడు వారాలు చాలు," అన్నాడు రామ్మోహనరావు, గేటు వైపు చూస్తూ.

మర్నాడు ఆయన, వంగనని కెజియాకు మాట ఇచ్చి, కంపెనీకి వెళ్ళాడు. తాను కూర్చొని చెబుతూ ఉండగా కిరణ్ పాల్ చేత మగ ఎలుకలను వేరు చేయించి, వాటిని అప్పటికి బాగుపడిన ఏసీ కింద కాసేపు ఉంచి చూపించాడు. తర్వాత ఎండ వేడి తగిలే వరండాలో కాసేపు ఉంచి చూపించాడు. మళ్ళీ లోపల, మళ్ళీ బయట. ఉద్యోగులందరూ చుట్టూ నిలబడి చూశారు. జ్వరం తగ్గిన ఆదర్శ్ అందరికంటె ముందు నిలబడ్డాడు.

"అంటే కిరణాలు గిరణాలు ఏం లేవా సార్?" అన్నాడు లింగమూర్తి.

"లేవు. మీరు ఏసీ తగ్గిస్తే వాటికీ సుఖం, మీకూ స్వెట్టర్ల ఖర్చు తప్పుతుంది."

పని మళ్ళీ మొదలైంది. అనుకున్న రోజుకే విదేశానికి చేరింది. పడమటి గోడ పగలగొట్టే అవసరం తప్పినందుకు యజమాని రామ్మోహనరావును కుర్చీలో కూర్చోబెట్టి, జరీ అంచు ఉన్న మెత్తటి శాలువా కప్పాడు. ఆయన సభలలో అనేక శాలువాలు పుచ్చుకున్నాడు గాని, ప్రేక్షకులు నిజంగా ఊపిరి పీల్చుకున్న సభ అదొక్కటే.

ఇక మిగిలినది గేటు. ఇటువంటి మాటకు తగిన చోటు అదే కాబట్టి, ఆ సాయంత్రం ఆయనే భార్యను గేటు దగ్గరకు పిలిచి, దాచకుండా చెప్పాడు. పుణ్యవతి ఆసాంతం విన్నది.

"కడుపుతో ఉన్నాయా?"

"ఉండే ఉంటాయి. నేను మాట ఇచ్చాను, మాట మీదే ఉంటాను. హఫీజ్‌పేట్ దగ్గర ఒక కాలేజీ వాళ్ళు అడుగుతున్నారు. అన్నిటినీ..."

"అది తర్వాత సంగతి. ఇప్పుడెక్కడున్నాయి?"

"ఆఫీసులోనే."

"ఆ కంప్యూటర్ల గదిలోనా? తొలి కాన్పులండీ అవి. పుట్టిల్లు ఇక్కడ పెట్టుకుని ఆఫీసులో పురుడు పోసుకుంటాయా? వింటే ఎవరైనా నవ్వుతారు. ఒరే కిరణూ," అని ఆమె మేడ వైపు కేకేసింది, "పొద్దున్నే వెళ్ళి ఆడ సత్రం తీసుకురా. రేపు మంగళవారం, వద్దు. ఎల్లుండి తీసుకురా."

రామ్మోహనరావు దంపతులకు ఆడపిల్లలు లేరు. పుణ్యవతి ఎవరికీ పురుడు పోయవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. మగ సత్రం షెడ్డుకు వెళ్ళింది. ఆడ సత్రం మాత్రం, ఏ గది గుమ్మం దాటకూడదని ఆంక్ష ఉండేదో ఆ ముందుగదిలోకి, కూలరు ఎదుటికి వచ్చింది. నానబెట్టిన సెనగలూ, బెల్లం ముక్కా, పెరుగన్నమూ వేళకు అందేవి. కెజియా ఒక్కొక్కదాన్నీ అరచేతిలో పెట్టుకొని పొట్ట నిమిరి, ఏది ముందు కంటుందో చెప్పేది. ఈశ్వరమ్మ బండి మీద మిగిలిన క్యారెట్లు ఇచ్చి డబ్బు పుచ్చుకోనన్నది. "చూలాలికి పెట్టినదానికి ఎవరు తీసుకుంటరమ్మా," అన్నది.

అయినా పుణ్యవతి షరతు ఎత్తివేయలేదు. "పురుళ్ళయి, పిల్లలు కళ్ళు తెరిచాక మాట మాటే," అని గేటు దగ్గర రెండుసార్లు గుర్తుచేసింది. రామ్మోహనరావు సరేనన్నాడు. శనివారం పిల్లలకు ఇంకా చెప్పలేదు.

మృగశిర ప్రవేశించి మొదటి వాన పడింది. రామ్మోహనరావు నల్లకళ్ళద్దాలు తీసివేశాడు. కొత్త కన్ను ఎంత బాగా పనిచేస్తున్నదంటే, గోడ మీద బల్లి కాలివేళ్ళు లెక్కపెట్టి ఆయన కెజియాకు చెప్పాడు. ఆ సాయంత్రమే కాలేజీ నుంచి ఫోను వచ్చింది. మాట్లాడి పెట్టేసి, ఆయన ముందుగదిలోనే, పంజరం పక్కనే నిలబడి, మామూలు గొంతుతో అన్నాడు.

"పుణ్యవతీ, నెల తిరిగేసరికి వీటన్నిటినీ పంపించేస్తున్నాను. ఒక్కటి కూడా ఇంట్లో ఉండదు."

పుణ్యవతి వంటింట్లోంచి తడిచేతులతో పరుగెత్తుకొచ్చింది. "ఏమిటండీ ఆ మాట, వాటి ముందు? నెలలు నిండినవాళ్ళ ముందు?"

"నలభై ఏళ్ళుగా నువ్వూ అంటున్నావు, నేనూ కాదంటున్నాను. పోయేముందు అదన్నా తేల్చుకుందాం. నీ గద్వాల చీర తీసుకురా."

"నేను తేను."

"పోనీ నేనే తెస్తాను."

ఆయన బీరువా తెరచి పట్టుచీర తెచ్చి, కొంగు పంజరం ఊచలకు తాకేటట్లు దండెం మీద వేశాడు. పోలిక కోసం మరొక వస్త్రం ఉండాలి గనుక రెండవ వైపు తన శాలువాను అదే విధంగా వేశాడు. ఎలుకలు విని కక్ష కట్టేవయితే, ఎక్కువ ఖరీదైన చీరనే కొరకాలి. వినకపోతే రెంటినీ కొరకవచ్చు, లేదా రెంటినీ వదలవచ్చు. ఈ సంగతి భార్యకు విశదంగా చెప్పి, ఆయన పడుకున్నాడు. పుణ్యవతి కాసేపు అక్కడే కూర్చుంటానన్నది.

ఉదయం ఆయన లేచి వచ్చేసరికి కెజియా, కిరణ్ పాల్ అప్పటికే కిందికి దిగి ఉన్నారు. పంజరంలో తొలి కాన్పులు జరిగాయి. గోరంత గోరంత ఎర్రటి పిల్లలు మెత్తటి పీలికల గూటిలో ఒకదాని మీద ఒకటి పడుకొని ఉన్నాయి. పీలికలు శాలువావి.

"చూశారా," అన్నది పుణ్యవతి. "అనొద్దంటే విన్నారు కాదు. అవి విన్నాయి. ఈసారికి మీ శాలువాతో సరిపెట్టాయి. మళ్ళీ పంపించే మాట ఎత్తారంటే నా చీర మిగలదు. ఆ కాలేజీ వాళ్ళకి ఫోన్ చేసి లేదని చెప్పండి. ఇక్కడే ఉండనివ్వండి, ఏం చేస్తాం."

"మరి నువ్వు పెట్టిన షరతు?"

"చీర కంటే ఎక్కువా షరతు? ఆడవాటిని ఆడవాటితో పెట్టుకోండి. చలికాలంలో మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి."

రామ్మోహనరావు పంజరాన్ని చూశాడు. కిటికీ వైపు చూశాడు. ఆయన జీవితంలో ఎన్నో నమ్మకాలను సభల్లో, వీధుల్లో, బంధువుల ఇళ్ళలో తుత్తునియలు చేశాడు. ఆ ఉదయం భార్యకు నమస్కారం చేసి, ఫోను దగ్గరకు వెళ్ళాడు. ఆ శనివారం పిల్లలు యథాప్రకారం వచ్చారు. లింగమూర్తి కూతురు అందరికంటె ముందు కూర్చుంది.

పరీక్ష ఫలితం ఇది. పట్టుచీర చెక్కుచెదరలేదు. శాలువా పీలికలైంది. పంజరానికి బయటి గడియ వేసే ఉంది. శాలువా జరీ అంచు, పసిపిల్లలకు గుచ్చుకోకుండా, కత్తెరతో తిన్నగా కోసి, మడిచి, కిటికీలో పెట్టి ఉంది.